కొండనెక్కే కలప రైలు: షే ఇంజను కథ

కొల్లేటి సీమలో నేల ఎంత చదునుగా ఉన్నదో తెలియటానికి ఒక చిన్న లెక్క చాలు. 1999లో ఏర్పడిన కొల్లేరు వన్యప్రాణి సంరక్షణ కేంద్రానికి హద్దుగా, సముద్రమట్టానికి 5 అడుగుల ఎత్తున, అనగా సుమారు ఒకటిన్నర మీటర్ల ఎత్తున ఉన్న సమోన్నత రేఖను తీసుకున్నారు. సరస్సు నీరు ఉప్పుటేరు వెంట దాదాపు 60 కిలోమీటర్లు పారి సముద్రంలో కలుస్తుంది. ఒకటిన్నర మీటర్లు దిగటానికి 60 కిలోమీటర్లు నడవాలన్నమాట. ఈ వాలు 40,000కు 1. ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం వైపు పోయే రైలుకు ఎక్కటం, దిగటం అన్నవి దాదాపు లేవు.

అయినా వాలు అంటే ఏమిటో కొల్లేటికోట పరిసరాలవారికి తెలియకపోలేదు. ధాన్యపు బస్తాలతో వచ్చిన ఎడ్లబండి చెరువుగట్టు ఎక్కవలసి వచ్చినప్పుడు ఏం జరుగుతుంది? అంతవరకు అవలీలగా లాగిన ఎడ్లు ఆగిపోతాయి. అప్పుడు పక్కనున్నవారు బండిని వెనకనుంచి నెట్టటమే కాదు, చక్రపు ఆకులు పట్టుకొని తిప్పుతారు. లాగే బలం చాలనప్పుడు ప్రతి చక్రాన్నీ తిప్పటం మంచిదని వారు అనుభవంతో నేర్చినది. పందొమ్మిదో శతాబ్దంలో ఎఫ్రాయిం షే అనే అమెరికన్ కలప వ్యాపారి ఇదే సూత్రాన్ని ఆవిరి ఇంజనుకు అన్వయించాడు. ఆ ఇంజను 11 మీటర్లకు ఒక మీటరు చొప్పున లేచే కొండదారి మీద కలప బండ్లను ఎక్కించింది. అట్లాంటి ఇంజన్లు కొన్ని, అవి పనిచేసిన కొండమీదనే, ఇప్పటికీ నడిచే స్థితిలో భద్రంగా ఉన్నవి. అవి ఉన్న ఊరు అమెరికాలోని పశ్చిమ వర్జీనియా రాష్ట్రంలో ఉన్న కాస్.

దుంగలు కొండ దిగే దారులు

అడవిలో చెట్టును పడగొట్టటం కంటె దుంగను మిల్లుకు చేర్చటమే కష్టం. ఇందుకు అన్నిటికంటె చవకైన దారి నది. భద్రాచలం ప్రాంతపు అడవుల కలపనూ వెదురునూ తెప్పలుగా కట్టి గోదావరి మీద రాజమహేంద్రవరం దాకా తేల్చి తెచ్చేవారు. నది ఉన్నచోట రైలుతో పని లేదు. అయితే నదికి కొన్ని షరతులున్నవి. అడవి నదికి దగ్గరగా ఉండాలి, ఏటిలో తగిన నీరుండాలి, దుంగ తేలాలి. పచ్చి టేకు నీటిలో సరిగా తేలదు. అందుకే బర్మా అడవులలో చెట్టు మొదట చుట్టూ గాటు పెట్టి, చెట్టును నిలిచినచోటనే రెండు మూడేళ్ళు ఎండనిచ్చి, ఆ తర్వాత నరికేవారు.

నది అందనిచోట కొండవాలునే పనికి పెట్టుకున్నవారున్నారు. మన దక్షిణదేశంలో కొచ్చి సంస్థానం నిర్మించిన అడవి ట్రాము మార్గం ఇందుకు చక్కని ఉదాహరణ. చాలకుడి నుంచి పరంబికుళం అడవుల దాకా దాదాపు 80 కిలోమీటర్లు సాగిన ఈ మార్గం 1907లో మొదలై 1963 వరకు పనిచేసింది. చదునైన భాగాలలో ఆవిరి ఇంజన్లు బండ్లను లాగేవి. నిటారుగా ఉన్నచోట్ల మాత్రం ఇంజన్లు పైకి పోలేదు. ఉక్కుతాటికి ఒక కొన నిండు బండినీ, రెండో కొన ఖాళీ బండినీ కట్టి, తాటిని కప్పీ మీదుగా పోనిచ్చేవారు. నిండు బండి దిగుతుంటే దాని బరువుకే ఖాళీ బండి పైకి వచ్చేది. బావి గిలకకు రెండు చేదలు కట్టినట్లే ఇది.

కాస్ దగ్గర ఈ రెండు దారులూ చాలలేదు. అక్కడి గ్రీన్‌బ్రయర్ నది మీద ముందుకాలంలో తెల్ల పైన్ దుంగలను తేల్చి తెచ్చినమాట నిజమే. కాని 1902లో అక్కడ మిల్లు పెట్టిన కాగితపు గుజ్జు కంపెనీకి కావలసింది స్ప్రూస్ కలప. ఎర్ర స్ప్రూస్ అడవి కొండ శిఖరాల మీదా, కొండకు అవతల ఉన్న షేవర్స్ ఫోర్క్ అనే ఏటి లోయలోనూ ఉన్నది. ఆ ఏరు గ్రీన్‌బ్రయర్‌లోకి పారదు. మరో దిక్కుగా పోతుంది. కనుక నిండు బండ్లను కొండ వెనక లోయనుంచి మీదికి ఎక్కించి ఇవతలికి దింపాలి. ఎక్కేటప్పుడు కూడా బరువే. అందువల్ల నిటారుగా ఉన్న దారిని స్వయంగా ఎక్కగల ఇంజను కావలసి వచ్చింది.

చక్రం ఎందుకు జారుతుంది?

ఇంజను తన ఆవిరితో నేరుగా రైలును లాగదు. ఆవిరి చక్రాన్ని తిప్పుతుంది, చక్రం పట్టాను వెనక్కు నెట్టుతుంది, పట్టా ఇంజనును ముందుకు నెట్టుతుంది. చక్రానికీ పట్టాకూ నడుమ ఉన్న ఘర్షణ ఈ నెట్టుడును భరించాలి. భరించలేకపోతే చక్రం ఉన్నచోటనే గిరగిర తిరుగుతుంది, బండి కదలదు.

పొడిగా ఉన్న ఉక్కు పట్టా మీద ఉక్కు చక్రానికి దొరికే ఘర్షణ, ఆ చక్రంపై పడే బరువులో సుమారు నాలుగో వంతు. ఇక్కడ గమనింపదగిన విషయం ఒకటున్నది. లెక్కకు వచ్చేది ఇంజను మొత్తం బరువు కాదు. ఆవిరి తిప్పే చక్రాల మీద పడే బరువు మాత్రమే. ముందున్న చిన్న చక్రాలు, వెనక బొగ్గు, నీరు మోసే టెండరు చక్రాలు ఊరికే దొర్లుతాయి. వాటిమీది బరువు లాగటానికి సాయపడదు సరికదా, అదీ లాగవలసిన బరువే అవుతుంది.

ఇప్పుడు 80 టన్నుల ఇంజన్లు రెండింటిని పోల్చి చూదాం. ఒకటి మామూలు ఇంజను. టెండరుతో కలిపి 80 టన్నులు ఉండి, తిరిగే చక్రాల మీద 40 టన్నులే ఉన్నవనుకుందాం. రెండోదానిలో మొత్తం 80 టన్నులూ తిరిగే చక్రాల మీదనే ఉన్నవి. మొదటిదానికి ఘర్షణవల్ల దొరికే గరిష్ఠబలం 10 టన్నుల బరువుకు సమానం. రెండోదానికి 20 టన్నులకు సమానం.

చదునైన మంచి మార్గంలో టన్ను బరువును దొర్లించటానికి సుమారు 5 కిలోల బలం చాలు. ఈ లెక్కన, వేగం సంగతి పక్కన పెడితే, మొదటి ఇంజను తాను కాక 1,920 టన్నులను, రెండోది 3,920 టన్నులను కదిలించగలవు. బలం రెండింతలు, ఫలితం కూడా దాదాపు రెండింతలు.

కొండదారి 11కు 1 వాలు ఉంటే ఏమవుతుంది? టన్నుకు వాలువల్లనే 1,000ను 11తో భాగించగా వచ్చే 91 కిలోల బలం కావాలి. వంకరలున్న ముతక అడవి మార్గంలో దొర్లించటానికి మరో 9 కిలోలు అనుకుంటే మొత్తం 100 కిలోలు. అనగా ఎంత బరువున్నదో అందులో పదో వంతు బలం కావాలి. మొదటి ఇంజను 10 టన్నుల బలంతో 100 టన్నులను ఎక్కించగలదు. కాని అందులో 80 టన్నులు తన బరువే. మిగిలేది 20 టన్నులు. రెండోది 200 టన్నులను ఎక్కించగలదు. తన 80 పోగా 120 టన్నులు మిగులుతాయి. మైదానంలో రెండింతలుగా ఉన్న తేడా కొండమీద ఆరింతలైంది.

వాలు ఇంకా పెరిగి 9కి 1 అయితే ఇదే లెక్కన మామూలు ఇంజనుకు మిగిలేది సుమారు 3 టన్నులు. ఒక ఖాళీ బండికైనా చాలదు. రెండోదానికి ఇంకా 87 టన్నులు మిగులుతాయి. వాలు పెరిగినకొద్దీ ఇంజను శ్రమ తన బరువును మోసుకోవటానికే పోతుంది. కొండ రైళ్ళలో అసలు చిక్కు ఇదే.

ఈ సూత్రాన్ని మన దేశపు ఇంజన్లలోనూ చూడవచ్చు. స్వాతంత్ర్యానంతరం బ్రాడ్‌గేజి మార్గాలపై విరివిగా నడిచిన ఆవిరి ఇంజన్లలో డబ్ల్యు.పి. తరగతిది ప్రయాణికుల బండ్లను లాగేది. దానిలో కలిసి తిరిగే పెద్ద చక్రాలు 6. గూడ్సు బండ్లను లాగే డబ్ల్యు.జి. తరగతి ఇంజనుకు అట్లాంటి చక్రాలు 8. వేగం కావలసినచోట తక్కువ సంఖ్యలో పెద్ద చక్రాలు, బరువు లాగవలసినచోట ఎక్కువ సంఖ్యలో చిన్న చక్రాలు. స్టేషన్ల ముందు దిమ్మెల మీద నిలిపిన పాత ఇంజన్లను చూసే విద్యార్థి మొదట లెక్కపెట్టవలసింది వీటినే.

తరగతిలో చేయదగిన ప్రయోగం

110 సెంటీమీటర్ల పొడవున్న పలకను తీసుకొని ఒక కొనను 10 సెంటీమీటర్ల ఎత్తున నిలిపితే 11కు 1 వాలు వస్తుంది. బరువుతో కలిపి ఒక కిలో ఉన్న చిన్న చక్రాల బండిని స్ప్రింగు త్రాసుతో పలక మీదుగా పైకి మెల్లగా లాగాలి. త్రాసు 91 గ్రాములకంటె కొంచెం ఎక్కువ చూపుతుంది. ఆ ఎక్కువ ఘర్షణవల్ల వచ్చినది. పలకను బల్లమీద చదునుగా పరచి మళ్ళీ లాగితే ఈ ఘర్షణ ఎంతో విడిగా తెలుస్తుంది. పలక ఎత్తును మార్చుతూ వచ్చిన విలువలతో గీత గీస్తే, వాలుకూ బలానికీ ఉన్న సంబంధం కంటికి కనపడుతుంది.

షే ఇంజను నిర్మాణం

ఎఫ్రాయిం షే 1839లో ఒహాయోలో పుట్టి, మిషిగన్ రాష్ట్రంలో కలప వ్యాపారం చేశాడు. అడవిలో పట్టాల మార్గం వేస్తే ఏడాది పొడుగునా దుంగలు తేవచ్చునని అతడు గ్రహించాడు. కొయ్యపట్టాల మీద గుర్రపు బండ్లు నడపగా, వాలులో నిండు బండ్లు గుర్రాల మీదికి దూసుకువచ్చేవి. మామూలు ఆవిరి ఇంజను పెడితే దాని బరువుకూ, కడ్డీల ఊపుకూ ఆ బలహీనమైన పట్టాలు నిలవలేదు. కనుక బరువును అనేక చిన్న చక్రాలకు పంచి, అన్నిటినీ తిప్పే ఇంజనును అతడు ఊహించాడు. 1880లో ఒహాయోలోని లైమా యంత్రశాల ఈ పద్ధతిలో మొదటి ఇంజనును తయారుచేసింది. 1881లో షేకు పేటెంటు లభించింది. 1945 వరకు లైమాలో ఇట్లాంటి ఇంజన్లు 2,700కు పైగా తయారైనవి.

షే ఇంజనును ఎదుటినుంచి చూసినవారికి మొదట వింతగా తోస్తుంది. బాయిలరు నడుమ ఉండదు, ఎడమవైపుకు జరిగి ఉంటుంది. కుడివైపున రెండు లేక మూడు సిలిండర్లు నిలువుగా నిలబడి ఉంటాయి. వాటి బరువుకు సమతూకంగానే బాయిలరును అటు జరిపారు. సిలిండర్లలోని పిస్టన్లు పైకీ కిందికీ ఆడుతూ, ఇంజను పొడుగునా ఉన్న ఒక ఇరుసును తిప్పుతాయి. ఈ పొడుగాటి ఇరుసు నుంచి చిన్న పళ్ళచక్రాలు, కుడివైపు రైలుచక్రాల ముఖానికి బిగించిన పెద్ద పళ్ళచక్రాలను తిప్పుతాయి. ఎడమ చక్రం కుడి చక్రంతో ఒకే ఇరుసుమీద ఉంటుంది కనుక అదీ తిరుగుతుంది. నీటితొట్టి కింద ఉన్న చక్రాలకు కూడా ఈ ఏర్పాటే. మూడు ట్రక్కుల షే ఇంజనుకు 12 చక్రాలుంటాయి. పన్నెండూ లాగే చక్రాలే. బొగ్గు, నీళ్ళు కూడా పట్టును పెంచే బరువే అవుతాయి.

అయితే వంకరదారిలో ట్రక్కులు ఇటూ అటూ తిరిగేటప్పుడు నిడుపాటి ఇరుసు విరగదా? అది ఒకే కడ్డీ కాదు. ముక్కల నడుమ ఎటైనా వంగగల కీళ్ళున్నవి. ఒక ముక్క మరో ముక్కలోకి జారేటట్లు అమర్చిన భాగాలు కూడా ఉన్నవి. వంపు తిరిగేటప్పుడు ఇరుసు వంగుతుంది, సాగుతుంది, కుదించుకుంటుంది, తిరగటం మాత్రం ఆపదు. నేటి లారీలలో ఇంజను నుంచి వెనక చక్రాలకు శక్తిని అందించే కడ్డీలోనూ ఇట్లాంటి కీళ్ళే ఉన్నవి.

పళ్ళచక్రాల వల్ల మరో మేలు ఉన్నది. చిన్న పళ్ళచక్రం రెండున్నర చుట్లు తిరిగితే రైలుచక్రం ఒక చుట్టు తిరుగుతుందనుకుందాం. వేగం రెండున్నర వంతులు తగ్గుతుంది, తిప్పే బలం అంతే పెరుగుతుంది. సైకిలు మీద గట్టు ఎక్కేవాడు చిన్న గేరుకు మార్చుకోవటం ఇందుకే. శక్తి ఎక్కడా కొత్తగా పుట్టలేదు. వేగాన్ని ఇచ్చి బలాన్ని తీసుకున్నాం, అంతే. షే ఇంజను గంటకు 20, 25 కిలోమీటర్లకు మించి పరుగెత్తటం అరుదు.

మూడో మేలు అంత తేలికగా కనపడదు. మామూలు రెండు సిలిండర్ల ఇంజనులో చక్రం ఒక చుట్టు తిరిగేలోగా ఆవిరి నాలుగుసార్లు నెట్టుతుంది. నెట్టుడు బలంగా ఉన్న క్షణంలో చక్రం జారిపోవచ్చు. మూడు సిలిండర్ల షే ఇంజనులో ఇరుసు ఒక చుట్టుకు ఆరు నెట్టుళ్ళు, రైలుచక్రం ఒక చుట్టుకు పదిహేను నెట్టుళ్ళు వస్తాయి. నెట్టుళ్ళు చిన్నవై, దగ్గరదగ్గరగా పడటం వల్ల లాగుడు ఇంచుమించు సమంగా ఉంటుంది. అందుకే షే ఇంజను మెల్లగా నడుస్తూ ఉన్నా దాని పొగగొట్టపు చప్పుడు మాత్రం ఎక్స్‌ప్రెస్సు బండి పరుగులాగా వినపడుతుంది.

బాయిలరులోని నీరు

నిటారు దారిలో మరో ప్రమాదం పొంచి ఉన్నది. బాయిలరులో కొలిమి కప్పు మీద ఎప్పుడూ నీరు నిలిచి ఉండాలి. నీరు తొలగితే ఆ ఉక్కురేకు ఎర్రగా కాలి మెత్తబడి, లోపలి ఆవిరి ఒత్తిడికి తెగుతుంది. బాయిలరు పేలటమంటే ఎక్కువగా ఇదే. 5 మీటర్ల పొడవున్న బాయిలరు 11కు 1 వాలులో నిలిచినప్పుడు ఒక కొనకూ మరో కొనకూ ఎత్తులో సుమారు 45 సెంటీమీటర్ల తేడా వస్తుంది. నీరు మాత్రం పల్లెంలో పోసినట్లు సమతలంగానే నిలుస్తుంది. కనుక ఇంజను ఎటు వాలినా కొలిమి కప్పు మునిగి ఉండేటట్లు నీటిమట్టాన్ని కనిపెట్టి ఉండటం ఫైర్‌మన్ ముఖ్య విధి. ఆ గాజుగొట్టం మీద ఉంచిన చూపు తప్పితే ప్రాణాలకే ముప్పు.

అడవి సంగతి

కాస్ నుంచి బాల్డ్ నాబ్ అనే శిఖరం వైపు దారి సుమారు 18 కిలోమీటర్లలో 700 మీటర్ల దాకా లేస్తుంది. కొన్నిచోట్ల వాలు నూటికి 11 వంతులు ఉన్నది. రెండుచోట్ల రైలు ముందుకు పోయి ఆగి, దిశ మార్చుకొని వెనక్కు ఎక్కుతుంది. డార్జిలింగ్ కొండరైలు ఎక్కినవారికి ఈ పద్ధతి పరిచయమే. అంతకుముందు ఏ బండీ చేరలేని శిఖరానికి షే ఇంజను చేరింది. దానితోపాటు గొడ్డలి, రంపం కూడా చేరినవి.

పశ్చిమ వర్జీనియాలోని ఎర్ర స్ప్రూస్ అడవి కొన్ని దశాబ్దాలలోనే నేలమట్టమైంది. నరికిన తర్వాత మిగిలిన కొమ్మలూ రెమ్మలూ ఎండి నిప్పుకు ఆహుతైనవి. ఆ నిప్పు చాలాచోట్ల ఇంజన్ల పొగగొట్టాల నుంచి ఎగిరిన రవ్వలే. వేల ఏళ్ళుగా ఆకులు కుళ్ళి ఏర్పడిన మెత్తని నల్లని మన్ను కూడా కొన్ని కొండలమీద రాయి తేలేదాకా కాలిపోయింది. స్పంజివలె వాననీటిని పట్టి ఉంచి మెల్లగా వదిలే పొర అది. ఆ పొర పోయిన తర్వాత పడిన వాన పడినట్టే ఏటిలోకి దొర్లుతుంది.

షేవర్స్ ఫోర్క్ నీరు చివరకు మొనాంగహేలా నదిలో కలిసి పిట్స్‌బర్గు నగరానికి చేరుతుంది. 1907లో ఆ నదికి పెద్ద వరద వచ్చింది. నదుల పుట్టుచోట్లలో అడవులను కాపాడాలన్న వాదన దానితో బలపడింది. 1911లో అమెరికా ప్రభుత్వం అట్లాంటి భూములను కొని అడవులుగా కాపాడటానికి వీక్స్ చట్టం చేసింది. ఆ చట్టం కింద కొన్న భూములతో 1920లో మొనాంగహేలా జాతీయ అరణ్యం ఏర్పడింది.

ఈ పాఠం కొల్లేటి సీమకు దూరపుది కాదు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు ఎగువ మెట్టల నీటిని తెచ్చి కొల్లేటిలో పోస్తాయి. నీటితోపాటు మట్టి కూడా వస్తుంది. ఎగువన చెట్టు నేలను పట్టి ఉంచితే సరస్సుకు తేట నీరు వస్తుంది. పట్టు సడలితే మేట వస్తుంది. 40,000కు 1 వాలుతో మందకొడిగా పారే ఉప్పుటేటికి ఆ మేటను సముద్రానికి ఈడ్చుకుపోయే శక్తి లేదు. 2002లో రాంసార్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యంగల చిత్తడినేలగా గుర్తింపు పొందిన సరస్సును కాపాడాలంటే దాని గట్ల మీద ఉన్న శ్రద్ధ ఎగువ నేలమీద కూడా ఉండాలి.

భద్రపరచిన యంత్రం

కాస్‌లోని మిల్లు 1960లో మూతపడింది. అప్పటికి లారీలూ డీసెలు యంత్రాలూ వచ్చి అడవి రైళ్ళు అంతరించిపోతున్నవి. పట్టాలను ఊడబెరికి, ఇంజన్లను తుక్కు ఇనుముగా అమ్మటానికి ఏర్పాట్లు జరుగుతుండగా, వాటి విలువ తెలిసినవారి ప్రోద్బలంతో రాష్ట్ర ప్రభుత్వం ఇంజన్లనూ మార్గాన్నీ కొన్నది. 1963లో యాత్రికుల రైలు మొదలైంది. దుంగలు మోసిన చదును బండ్లకే బెంచీలు వేసి జనాన్ని ఎక్కించారు. 1905లో లైమాలో తయారై, మొదటినుంచీ ఈ కొండమీదనే దుంగలు మోసిన 5వ నంబరు షే ఇంజను కూడా ఈ పనిలో చేరింది. 1945లో తయారైన కిట్టకడపటి షే ఇంజను, సుమారు 147 టన్నులది, బొగ్గుగనుల మార్గంలో కొద్ది ఏళ్ళే పనిచేసి, తర్వాత బాల్టిమోరులోని రైలు మ్యూజియంలో కొంతకాలం ఉండి, చివరకు కాస్ చేరింది.

దిమ్మెమీద నిలిపిన ఇంజనుకు రంగు వేస్తే చాలు. నడిచే ఇంజనుకు అట్లా కాదు. బాయిలరు గొట్టాలను కాలక్రమాన మార్చాలి, రేకుల మందాన్ని కొలవాలి, ఒత్తిడి పెట్టి పరీక్షించాలి, అరిగిన పళ్ళచక్రాలను కొత్తగా పోతపోయాలి. ఈ పనులకు వృద్ధులైన పనివారి నేర్పు కొత్తవారికి అందాలి. ఇట్లా కాస్‌లో ఇంజనుతోపాటు ఆ నేర్పు, ఆ ఇంజనుకు తగిన కొండదారి కూడా నిలిచినవి. ఇంజను పట్టుకు దారి వాలే అసలు పరీక్ష కనుక, దారి లేని ఇంజనును చూసి విద్యార్థి సగమే నేర్చుకోగలడు.

యాత్రికుల రైలు ఇప్పుడు చెట్ల నీడన పైకి పోతుంది. నరికిన కొండల మీద రెండో తరం అడవి లేచింది. ఎత్తయిన చోట్ల ఎర్ర స్ప్రూస్ మెల్లగా తిరిగి వస్తున్నది. దానిని నాటి పెంచే పని కూడా సాగుతున్నది. అరిగిన పళ్ళచక్రం స్థానంలో కొత్తదాన్ని బిగించటానికి కొన్ని వారాలు పడుతుంది. రాయిమీద కాలిపోయిన నల్లమన్ను పొర మళ్ళీ ఏర్పడటానికి వేల ఏళ్ళు పడుతుంది.